రంగు మిఠాయిలు తింటే పిల్లల అల్లరి పెరుగుతుందా?

శిరీష: మా వాడికి ఆరేళ్లు. పుట్టినరోజు విందుకు వెళ్లొస్తే చాలు, ఆ రాత్రి ఇల్లు పీకి పందిరి వేస్తాడు. రంగు జెల్లీలు, కూల్‌డ్రింకులు మాన్పించాక నెమ్మదించాడు. మీలో ఎవరైనా ఇది గమనించారా?

పాత మాస్టారు: విందులో బెలూన్లు, పాటలు, ఇల్లంతా పిల్లలు, పైగా నిద్ర చాలదు. నేరం మాత్రం జెల్లీదా? 1994లో అమెరికాలో ఒక పరిశోధన జరిగింది. పిల్లలందరికీ ఇచ్చింది చక్కెర లేని తీపి పానీయమే. సగంమంది తల్లులకు మాత్రం చక్కెర ఇచ్చామని చెప్పారు. అల్లరి ఎక్కువైనట్టు కనిపించింది వాళ్లకే!

శిరీష: నేను చక్కెర అనలేదు మాస్టారూ, రంగు అన్నాను. 2007లో సౌతాంప్టన్ పరిశోధకులు రంగులు, సోడియం బెంజోయేట్ (పానీయాలు చెడిపోకుండా కలిపే పదార్థం) కలిపిన పానీయం పిల్లలకిచ్చి చూస్తే నిలకడ తగ్గింది. 2010 నుంచి యూరప్‌లో ఆ ఆరు రంగుల్లో ఏది వాడినా ప్యాకెట్ మీద హెచ్చరిక వేయాల్సిందే. అందులోని టార్ట్రజిన్, సన్‌సెట్ యెల్లో మన దగ్గరా వాడుతున్నారు.

వంశీ: జాతరలో జిలేబీ తింటే చేతికంటిన రంగు మర్నాటికీ వదల్లేదు. నాకు తెలిసింది అంతే.

పాత మాస్టారు: ఆ మార్పు స్వల్పం, పిల్లలందరిలోనూ ఒకేలా లేదు. రంగూ బెంజోయేటూ కలిపి ఇచ్చారు కాబట్టి దోషం దేనిదో తేలనూ లేదు.

శిరీష: స్వల్పమంటే లేదని కాదు కదా! వాడితో తెల్లవార్లూ వేగేది నేను.

పాత మాస్టారు: నా తరగతిలో ఒక పిల్లవాడు క్షణం కుదురుగా కూర్చునేవాడు కాదు. ఇంట్లోవాళ్లు నులిపురుగులన్నారు, తర్వాత గ్రహదోషమన్నారు, ఆపైన పాలు మాన్పించారు, గోధుమ మాన్పించారు. పిల్లవాడు చిక్కి సగమయ్యాడు. డాక్టరు దగ్గరికి వెళ్లింది ఏడో తరగతిలో. తిండి మీదికి నెట్టేస్తే ఇలాగే ఏళ్లు గడిచిపోతాయి.

రజియా: ఆవిడ మాన్పించింది జెల్లీలు మాస్టారూ, అన్నం కాదు.

శిరీష: బడివాళ్లూ నిపుణులకు చూపించమనే అన్నారు. మా అత్తగారు 'మా వంశంలో అలాంటివి లేవు' అంటారు. మా ఆయన 'నీ గారాబమే' అంటారు. రంగు కాదని మీరూ తేల్చేస్తే ఇక మిగిలింది నేనే కదా?

పాత మాస్టారు: మీ పెంపకమని నేనెక్కడ అన్నానమ్మా? ఏడీహెచ్‌డీ, అంటే ఏకాగ్రత, కుదురు నిలవని సమస్య అయితే అది ఎవరి తప్పూ కాదు. ముందు చూపించండి.

శిరీష: శుక్రవారం చూపిస్తున్నాం. జెల్లీలు మాత్రం గుమ్మం తొక్కనివ్వను.