సమస్య: "పదవిని వీడంగఁ బొందెఁ బదవుల నెల్లన్" – రోము రాజకీయం మీద పూరణలు

నిర్వాహకులు

ఈ వారం సమస్య (ముందుగా ఇచ్చే పాదం; దానికి పొసిగేలా మిగతా పద్యం రాయడమే పూరణ) కందంలో నాలుగో పాదం:

పదవిని వీడంగఁ బొందెఁ బదవుల నెల్లన్

వస్తువు ప్రాచీన రోము చరిత్ర. ఏ శతాబ్దమైనా సరే, కానీ వాస్తవం తప్పకూడదు.

గణాలు (గగ = రెండు గురువులు, నల = నాలుగు లఘువులు, జ = లఘువు-గురువు-లఘువు, భ = గురువు-లఘువు-లఘువు, స = లఘువు-లఘువు-గురువు): పదవిని (నల), వీడం (గగ), గఁబొందెఁ (జ), బదవుల (నల), నెల్లన్ (గగ). యతి (పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో మైత్రి) ప–బ. ప్రాసాక్షరం (ప్రతి పాదంలో రెండో అక్షరం) ద. సమస్య లఘువుతో మొదలవుతోంది కాబట్టి మిగతా మూడు పాదాలూ లఘువుతోనే మొదలవ్వాలి. "వాదము", "నాదము" లాంటివి పనికిరావు.

రోమన్ పేర్లతో జాగ్రత్త. సీజరు (భ), సెనేటు (జ), కేటో, సుల్లా, పాంపే (గగ) కందంలో సులువుగా ఇముడుతాయి. ఆగస్టసు అంటే గగ మీద రెండు లఘువులు మిగులుతాయి, వాటికి తోడు చూసుకోవాలి. రూబికాను (సీజర్ సైన్యంతో దాటిన నది) మాత్రం మొండిది. రూ ఒక గణం చివర పడి, "బికాను" జగణమై సరిగణంలో (సరిసంఖ్య స్థానంలోని గణంలో) కూర్చోవాలి, లేదా ముందొక లఘువు కలిసి "రూబి" అక్కడ జగణం కావాలి. మరోచోట పెడితే పాదం విరుగుతుంది.

కలువరేకు

సదనమున నప్పగించెను
బెదవుల వినయమ్ము నిలిపి పృథివినిఁ దానై
ముదమున సెనేటు మ్రొక్కఁగ
పదవిని వీడంగఁ బొందెఁ బదవుల నెల్లన్

సందర్భం క్రీ.పూ. 27 జనవరి. 13న రోము ఏలిక ఆక్టేవియన్ సెనేటులో (పెద్దల సభలో) నిలబడి రాష్ట్రాలన్నీ తిరిగి ఇచ్చేస్తున్నానన్నాడు. 16న ఆగస్టస్ బిరుదు వచ్చింది.

తాటియాకు

రెండో పాదం చాలా బాగుంది అండి. పె–పృ యతి చెల్లుతుంది (ఎ, ఋ ఒకే స్వరవర్గం), "పెదవుల వినయమ్ము" అన్నది ఆ రోజు సభ మొత్తాన్నీ కళ్లకు కట్టింది.

చిక్కు మూడో పాదం చివర. "మ్రొక్కఁగ" ద్రుతప్రకృతికం (చివర ద్రుతం, అంటే నకారం ఉండే పదం). తర్వాత వచ్చే ప సరళం (బ) కావాలి, అంటే "మ్రొక్కఁగఁ బదవిని". అప్పుడు ఇచ్చిన సమస్యే మారిపోతుంది. యతి ఎలాగూ నిలుస్తుందని కొందరు సర్దుకుంటారు కానీ, సమస్యను అక్షరం మార్చకుండా నిలబెట్టడమే పూరణలో పందెం. మూడో పాదాన్ని కళతో (ద్రుతం లేని పదంతో) ముగించండి. ప్రథమావిభక్తి నామం పెట్టుకుంటే అన్నిటికన్నా క్షేమం. "పదవి" సంస్కృతపదం కాబట్టి గసడదవాదేశం (క చ ట త పలు గ స డ ద వలుగా మారడం) భయం కూడా లేదు. నా సూచన:

యదనెరిఁగిన యాగస్టసు
పదవిని వీడంగఁ బొందెఁ బదవుల నెల్లన్

అర్థం మీద ఇంకో మాట. ఆ రోజు ఆయన వదులుకున్నది పదవా? అప్పటికి ఆయన ఏడోసారి కాన్సల్ (ఏటా ఎన్నికయ్యే ఇద్దరు ప్రధాన పాలకుల్లో ఒకడు), ఆ పదవిలోనే ఉండిపోయాడు. ఇచ్చింది రాష్ట్రాలు. వాటిలోనూ స్పెయిన్, గాల్, సిరియా పదేళ్ల గడువుతో మళ్లీ ఆయన చేతికే వచ్చాయి, సైన్యంలో ఎక్కువ భాగం ఉన్నది అక్కడే. "పృథివి" అనడం సరిపోయింది, "పదవిని వీడంగ" అన్నది కొంచెం సాగదీసినట్టుంది.

కలువరేకు

సవరణ తీసుకున్నాను. మీరు చెప్పిన చిక్కు తీరాలంటే క్రీ.పూ. 23కి వెళ్లాలి. అప్పుడు నిజంగానే కాన్సల్ పదవి వదిలేశాడు. ఆ పూరణ వేరేవాళ్లు వేస్తే బాగుంటుంది.

చింతచిగురు

వేశాను.

పదునొకటవ కాన్సలుగా
వదలియు గొడ్డళ్ళ మోపు, వాక్కునఁ జట్టం
బదిమెడు ట్రిబ్యూనయి తా
పదవిని వీడంగఁ బొందెఁ బదవుల నెల్లన్

క్రీ.పూ. 31 నుంచి 23 దాకా ఏటా తానే కాన్సల్. ఉన్నవి రెండే కుర్చీలు, అందులో ఒకటి ఎప్పుడూ ఆయనదే కావడంతో పెద్ద కుటుంబాలవాళ్లు లోలోపల రగిలిపోయారు. 23లో కుర్చీ ఖాళీ చేసి ఆ మంట చల్లార్చాడు. బదులుగా ట్రిబ్యూన్ (సామాన్యుల ప్రతినిధి) అధికారం జీవితాంతం వచ్చింది, రాష్ట్రపాలకులందరి కన్నా పైచేయి అయిన సైనికాధికారమూ వచ్చింది.

తాటియాకు

ఇంతవరకు సమస్యకు దీనికన్నా దగ్గరగా వచ్చిన విషయం లేదు. కాబట్టి మూడు సవరణలు గట్టిగానే చెబుతాను.

ఒకటి, "గొడ్డళ్ళ మోపు". కాన్సల్ ముందు పన్నెండుమంది బంట్లు కర్రల మోపులు పట్టుకు నడుస్తారు. కానీ నగరం లోపల ఆ మోపుల్లోంచి గొడ్డలి తీసేయాలి. పౌరుడి తల నగరంలో కాన్సల్ ఇష్టప్రకారం తెగదు అని చెప్పడానికి అది గుర్తు. "బెత్తాల మోపు" అనండి. గొడ్డ–ళ్ళమోపు, బెత్తా–లమోపు రెండూ గగ–జ, గణం కదలదు.

రెండు, "ట్రిబ్యూనయి". ఆగస్టస్ ఏనాడూ ట్రిబ్యూన్ కాలేదు, కాలేడు. జూలియస్ వంశంలోకి దత్తు వెళ్లాడు కాబట్టి పట్రీషియన్ (కులీనుడు). ట్రిబ్యూన్ పదవి ప్లెబియన్లకు (సామాన్య వర్గంవాళ్లకు) మాత్రమే. అందుకే పదవినుంచి అధికారాన్ని విడదీసి, అధికారం ఒక్కటే ఆయనకు కట్టబెట్టారు. సభను పిలవడం, చట్టం ప్రతిపాదించడం, ఎవరి నిర్ణయాన్నైనా ఒక్క మాటతో ఆపడం – అన్నీ వచ్చాయి, కుర్చీ మాత్రం లేదు. ఈ సమస్యలోని విరోధమంతా ఇక్కడే ఉంది. దాన్ని "ట్రిబ్యూనయి" అన్న ఒక్క మాట చెరిపేస్తోంది.

మూడు, "తా" కూడా ద్రుతాంతమే. "తాఁ బదవిని" అవుతుంది.

చింతచిగురు

మూడూ ఒప్పుకుంటున్నాను.

పదునొకటవ కాన్సలుగా
వదలియు బెత్తాల మోపు, వాక్కునఁ జట్టం
బదిమెడి బలిమినిఁ గొని యా
పదవిని వీడంగఁ బొందెఁ బదవుల నెల్లన్

"ఆ పదవి" అనడంతో కాన్సల్ పదవి అని కూడా స్పష్టమైంది.

గుండుసూది

ఒక సందేహం. "పదవుల నెల్లన్" అన్నారు. మహాపురోహిత పదవి లెపిడస్ (ఒకప్పుడు ఆగస్టస్‌తో పాలన పంచుకున్నవాడు) చేతిలోనే ఉంది కదా? లెపిడస్ చనిపోయాకనే, క్రీ.పూ. 12లో, ఆగస్టస్ దాన్ని తీసుకున్నాడు.

తాటియాకు

నిజమే. క్రీ.పూ. 36లో ఆగస్టస్ లెపిడస్ సైన్యాన్ని లాగేసుకున్నాడు కానీ పురోహితత్వం ముట్టుకోలేదు. బతికున్నవాడినుంచి ఆ పదవి తీయడం ఆచారం కాదు కాబట్టి ఇరవై ఏళ్లకు పైగా ఆగాడు. పద్యానికి ఇది దోషం కాదు. "ఎల్లన్" అతిశయోక్తిగా చెల్లిపోతుంది. ఆ ఓపికను కూడా పద్యంలో పెట్టగలిగితే మాత్రం గొప్ప పూరణ అవుతుంది.

తంగేడు

నాది ఆగస్టస్ తర్వాత చక్రవర్తి అయిన టైబీరియస్ మీద.

కదలి చనె రోడ్సు దీవికి
మది నొవ్వఁగ నెనిమిదేండ్లు మౌనముఁ దాల్చెన్
విధి మనుమల నిద్దఱఁ గొన
పదవిని వీడంగఁ బొందెఁ బదవుల నెల్లన్

కలువరేకు

మొదటి రెండు పాదాలు నాకు చాలా నచ్చాయి. మ–మౌ యతి సహజంగా పడింది. మూడో పాదంలో ప్రాస తప్పింది: ద ఉండాల్సినచోట ధ వచ్చింది. ద–ధలకు యతిమైత్రి ఉంది, ప్రాసమైత్రి లేదు. చెవికి ఒకేలా వినబడి చాలామంది పడే గుంట ఇది. "కొన" కూడా ద్రుతమే. ఇలా చూడండి:

దుద మనుమ లిద్ద ఱేగిరి
పదవిని వీడంగఁ బొందెఁ బదవుల నెల్లన్

పై పాదం "దాల్చెన్" అని ముగిసింది కాబట్టి తుద "దుద" అయింది. "ఏగిరి" బహువచన క్రియ, కళ. సమస్యకు ఇబ్బంది లేదు.

తాటియాకు

విషయం వరకు: టైబీరియస్ క్రీ.పూ. 6లో వెళ్లాడు, క్రీ.శ. 2లో తిరిగొచ్చాడు. ఆ ఏడాదే లూసియస్, క్రీ.శ. 4లో గాయస్ పోయారు. ఇద్దరూ ఆగస్టస్ కూతురి కొడుకులు, తాత దత్తు తీసుకుని వారసులుగా పెంచినవాళ్లు. గాయస్ పోయిన ఏడాదే టైబీరియస్‌ను దత్తు తీసుకున్నారు. "మనుమలు" ఎవరి మనుమలో పద్యంలో లేదు, పైన ఒక వాక్యం సందర్భం రాయండి. ఇంకో సంగతి, పదవి వీడినందువల్ల పదవులు రాలేదు, వారసులు పోయినందువల్ల వచ్చాయి. "వీడంగ" అనే మాటలోని కార్యకారణసంబంధం ఇక్కడ పలుచన. అయినా రోడ్సు దీవిలో మౌనంగా కూర్చున్న మనిషి బొమ్మ మనసులో నిలిచిపోతుంది, ఆ పాదాన్ని వదులుకోకండి.

నాగేటిచాలు

రూబికాన్ లేకుండా రోమా? రెండో పాదం ఇలా అనుకున్నాను:

నది దాటి చనెను సీజరు నడురేయందున్

మిగతాది కుదరడం లేదు.

తాటియాకు

కుదరకపోవడానికి రెండు కారణాలు. ఛందస్సులో: నదిదా (స), టిచనెను (నల), సీజరు (భ). కందంలో ఆరో గణం జగణమో నలమో కావాలి, మీకు భగణం పడింది. "నది దాటెను సేనతోడ నడురేయందున్" అంటే "నతోడ" జగణమై పాదం నిలుస్తుంది.

అసలు కారణం అర్థంలో ఉంది. సీజర్ నది దాటింది పదవి వదలనన్నందుకు. క్రీ.పూ. 50 డిసెంబరులో క్యూరియో సెనేటులో తీర్మానం పెట్టాడు, సీజర్, అతని ప్రత్యర్థి పాంపే ఇద్దరూ సైన్యాధికారం ఒకేసారి వదలాలని. 370 మంది ఒప్పుకున్నారు, 22 మంది కాదన్నారు. అయినా అది అమలు కాలేదు. తర్వాతి నెలలో పదమూడో లీజియన్‌తో (సైన్యదళంతో) సీజర్ నది దాటాడు. ఆ కథకు ఈ సమస్య ఎదురు నడుస్తుంది. సీజరే కావాలంటే పదేళ్లు వెనక్కి, క్రీ.పూ. 60కి వెళ్లండి.

నాగేటిచాలు

వెళ్లాను.

కదలని రథమును వీడెను
బదములఁ గేటో జరుపఁగఁ బగలెల్ల సభన్
గదిసి పొలిమేర సీజరు
పదవిని వీడంగఁ బొందెఁ బదవుల నెల్లన్

కలువరేకు

అద్భుతం అండి! "పొలిమేర" అన్న మాట రోము పవిత్రసరిహద్దుకు ఇంత బాగా అతుకుతుందని ఇదివరకు తట్టలేదు.

తెలియనివారికోసం: స్పెయిన్‌లో గెలిచి వచ్చిన సీజర్‌కు విజయోత్సవం (రథం మీద ఊరేగింపు) మంజూరైంది. రథమెక్కేదాకా సైన్యాధికారం నిలవాలి, నిలవాలంటే పొలిమేర బయటే ఉండాలి. కాన్సల్ పదవికి పోటీ చేయాలంటే నగరంలోకి స్వయంగా వచ్చి పేరు చెప్పుకోవాలి. బయటనుంచే పోటీకి అనుమతి అడిగాడు. సీజర్ వ్యతిరేకి కేటో సెనేటులో పొద్దుగుంకేదాకా మాట్లాడి ఓటు పడకుండా ఆపాడు. సీజర్ రథాన్ని వదులుకుని లోపలికి అడుగుపెట్టాడు, ఆ అడుగుతోనే సైన్యాధికారం రాలిపోయింది. క్రీ.పూ. 59కి కాన్సల్ అయ్యాడు, ఆ తర్వాత అయిదేళ్లకు గాల్ చేతికొచ్చింది.

తాటియాకు

"కదలని రథము" దగ్గర ఆగిపోయాను. జరగని ఊరేగింపు మొత్తం ఆ రెండు మాటల్లో ఉంది. ఇంకో అందం: సంస్కృతంలో పదవికి దారి అనే అర్థమూ ఉంది. విజయయాత్ర దారిని వీడి పదవులు పొందాడని శ్లేషగా కూడా అన్వయమవుతుంది. మూడో పాదం "సీజరు" అని ప్రథమలో ముగిసింది, సమస్య చెక్కుచెదరలేదు. దోషం వెతికినా దొరకలేదు.

గుండుసూది

నాది పోలికతో.

చదువని సుల్లా పదవిని
వదలి గృహముఁ జేరె నతని వలెఁ గా కితఁడో
చదివిన యక్షరము లెఱిఁగి
పదవిని వీడంగఁ బొందెఁ బదవుల నెల్లన్

నియంతృత్వం వదిలేసిన సుల్లాకు అక్షరజ్ఞానం లేదని సీజర్ అన్నట్టు రోమన్ చరిత్రకారుడు సుటోనియస్ రాశాడు. "ఇతఁడు" ఆగస్టస్.

చింతచిగురు

"పదవిని" రెండుసార్లు రావడం ఇక్కడ పునరుక్తి కాదు, పోలికకు బలమే. "ఇతఁడో" ఎవరో పద్యంలో తేలదు, అదొక్కటే కొరత.

నిర్వాహకులు

ఈ వారం ముందు వరుసలో నాగేటిచాలు గారి పూరణ. సవరించాక చింతచిగురు గారిది దాని పక్కనే. తంగేడు గారు సందర్భవాక్యం చేర్చి మళ్లీ పెట్టండి.

వచ్చే వారం సమస్య, కందమే, క్రీ.పూ. 44 మార్చి 15 (సీజర్ హత్య జరిగిన రోజు) మీద మాత్రమే:

శిల తడిసెను రక్తమునను జితుఁడే నవ్వెన్

యతి శి–జి. ప్రాస ల, మొదటి అక్షరం లఘువు. ల–ళ ప్రాస ఈసారికి వద్దు.