పొట్టి తోక, చెవి కొసల్ల నల్ల వెంట్రుకలు: కాలువ గట్టు మీద తిరిగేది బాబ్‌క్యాటా?

ఎడమకాలువ_వరి అడిగిన ప్రశ్న:

మిర్యాలగూడ దగ్గర, సాగర్ ఎడమ కాలువ కింద పొలం. కాలువ గట్టు పొంట సర్కారు తుమ్మ, దిగువన నీళ్లు ఊరే జాగల జమ్ము దట్టంగా పెరిగింది. పొద్దుగూకే టైముకు అక్కడ ఒక జంతువు కనబడుతున్నది. ఊరపిల్లి కంటే ఎత్తు, పొడుగు కాళ్లు, తోక మాత్రం పొట్టి. చెవుల కొసలకు నల్ల వెంట్రుకలు ఉన్నయి. ఒంటి మీద చారలు లేవు, ఎండుగడ్డి రంగు. పిల్లలు ఫోన్ల బాబ్‌క్యాట్ వీడియోలు చూసి ఇది అదే అంటున్నరు. అమెరికా జంతువు ఇక్కడికి ఎట్లొస్తది?

ఇంకో సంగతి. పక్క పొలాలోళ్లకు కోళ్లు పోతున్నయంట, మందు పెడదాం అంటున్నరు. యాసంగి కోతలు కూడా దగ్గరకొచ్చినయి. అది నిజంగా ఏ జంతువు, మనకు నష్టమా లాభమా, కోళ్లను ఎట్ల కాపాడుకోవాలె, తెలిసినోళ్లు చెప్పండి.

---

నల్లమల_అడుగుజాడ:

బాబ్‌క్యాట్ కాదండీ. అది కెనడా దక్షిణ భాగం నుంచి మెక్సికో దాకా మాత్రమే ఉండే జంతువు. మీరు చూస్తున్నది మన అడవి పిల్లి. కొన్ని ఊళ్లలో బావురు పిల్లి అంటారు. శాస్త్రీయ నామం ఫెలిస్ చౌస్. ఈజిప్టు నుంచి ఆగ్నేయాసియా దాకా ఉంది, మన దేశంలో మైదానాల్లో దాదాపు అంతటా ఉంది.

పిల్లలు పొరబడటంలో తప్పేమీ లేదు, దూరం నుంచి పోలిక ఉంటుంది. ఈసారి కనబడితే చెవి వెనక భాగం చూడండి. బాబ్‌క్యాట్‌కు చెవి వెనక నలుపు, ఆ నలుపు మధ్యలో తెల్ల మచ్చ. అడవి పిల్లికి చెవి వెనక ఎరుపు కలిసిన గోధుమ రంగు, కొసన మాత్రం చిన్న నల్ల కుచ్చు. తోక కూడా చెప్పేస్తుంది. బాబ్‌క్యాట్ తోక మొండిగా ఉంటుంది, 9 నుంచి 20 సెంటీమీటర్లు, కొసన పైభాగం నలుపు, అడుగున తెలుపు. అడవి పిల్లి తోక అంత మొండి కాదు. సుమారు 21 నుంచి 36 సెంటీమీటర్లు ఉండి వెనక కాలి మడమ దగ్గరికి వస్తుంది, చివరన నల్ల వలయాలు, కొస పూర్తిగా నలుపు. బాబ్‌క్యాట్‌కు చెంపల మీద గడ్డంలా బొచ్చు ఉంటుంది, ఒంటి మీద మచ్చలుంటాయి. ఇవేవీ దీనికి ఉండవు. కాళ్ల మీద మసక చారలు మాత్రం ఉంటాయి.

చోటు విషయంలో మీ గట్టు దానికి అచ్చంగా సరిపోతుంది. దట్టమైన పెద్ద అడవి కంటే జమ్ము, తుంగ, చెరువు శిఖం, కాలువ గట్టు పొదలు, చెరకు తోటలు, పొలాల అంచులు దానికి ఇష్టం. నీళ్లంటే భయపడదు, బాగా ఈదుతుంది. పగలు పొదలోనో, ఇంకో జంతువు వదిలేసిన బొరియలోనో పడుకుంటుంది. వేటకు తెల్లవారుజాము, సాయంత్రం ఎక్కువ వస్తుంది. కానీ పగలు కనబడినంత మాత్రాన జబ్బు చేసిందనుకోవద్దు, చాలాచోట్ల పగలు కూడా తిరుగుతుంది. ఎలుక చప్పుడు వింటే కదలకుండా నిలబడి చెవులు తిప్పుతుంది, తర్వాత ఒక్క దూకుడు.

తడి గట్టు మీద అడుగు చూస్తే నాలుగు వేళ్లు గుండ్రంగా ఉంటాయి, గోళ్ల గుర్తులు పడవు. నక్క, కుక్క అడుగుల్లో వేళ్ల ముందు గోళ్ల చుక్కలు కనబడతాయి.

దీన్ని పునుగు పిల్లితో కూడా కలిపేస్తుంటారు. పునుగు పిల్లికి తోక పొడుగు, మూతి సాగినట్టు ఉంటుంది. ఇక ఎరుపు మచ్చల చిన్న పిల్లి ఒకటి ఉంది. బరువు ఒకటిన్నర కిలో దాటడమే అరుదు, ఆసియాలోకెల్లా చిన్న అడవి పిల్లి అదే. నుదుటి మీద తెల్ల గీతలు ఉంటాయి. అది నల్లమలలో, అమ్రాబాద్ వైపు ఎండాకు అడవిలో, రాళ్ల గుట్టల్లో ఉంటుంది. మీరు చెప్పిన ఎత్తుకు అది కాదు.

---

పాలమూరు_సాగు:

అన్నా, లాభమా నష్టమా అన్నవు కదా, ఎలుకల లెక్క చూడు. రాజస్థాన్‌ల సరిస్కా అడవిల చేసిన అధ్యయనం ప్రకారం ఒక్క అడవి పిల్లి రోజుకు మూడు నుంచి ఐదు ఎలుకలను తింటది. మిగతాది పక్షులు, కుందేళ్లు, ఓందులు, కప్పలు, అప్పుడప్పుడు పాములు. వరి పొట్ట దశల కంకి కొరికే ఎలుకను, గట్టు తవ్వి నీళ్లు లీకు చేసే కొక్కును పట్టేది అదే. దానికి మందు పెడితే మనం జీతం లేని కాపలాదారును చంపుకున్నట్టే.

మందు సంగతి జాగ్రత్త. పక్కోళ్లు మాంసం ముక్కలకు గుళికల మందు కలిపి పెడదాం అంటే అస్సలు ఒప్పుకోవద్దు. అది ఊరకుక్కలను, గద్దలను, నక్కలను అన్నింటినీ చంపుతది, కాలువ నీళ్లల్ల పడితే బర్లకు కూడా ప్రమాదం. ఫోరేట్ గుళికల అమ్మకం 2020 చివరి నుంచే దేశంల నిషేధం, పాత డబ్బాలు ఉన్నా వాడొద్దు.

ఎలుకల మందు కూడా పిల్లి కడుపులకు పోతది. బ్రోమాడయోలోన్ తిన్న ఎలుక వెంటనే చావదు. నాలుగైదు రోజులు నీరసంగా, మెల్లగా తిరుగుతది. అట్లాంటి ఎలుకనే పిల్లికి సులువుగా దొరికేది. ఆ మందు కాలేయంల పేరుకుంటది, అట్లాంటి ఎలుకలను తింటూ పోతే పిల్లికి లోపల రక్తం కారుడు మొదలైతది. గుడ్లగూబలకూ అదే గతి. అందుకే పొదల గట్టు పక్కన ఆ మందు వద్దు.

మందు తప్పనిసరైతే జింక్ ఫాస్ఫైడ్ పద్ధతిగ పెట్టాలె. సాయంత్రం కనబడ్డ బొరియలన్నీ మట్టితో మూసేయి, తెల్లారి తెరుచుకున్నవే ఎలుకలున్నవి, వాటికే పెట్టాలె. ముందు రెండు రోజులు మందు లేకుండా నూకలు, నూనె కలిపి పెడితే ఎలుకలు అనుమానం లేకుండా అలవాటు పడతయి. మూడోరోజు 96 గ్రాముల నూకలకు 2 గ్రాముల నూనె, 2 గ్రాముల జింక్ ఫాస్ఫైడ్ కలిపి, పది గ్రాముల చొప్పున కాగితం పొట్లాలు బొరియ లోపలికి తోసి మూసేయాలె. గట్టు మీద పారేయొద్దు. కలిపేటప్పుడు చేతులకు తొడుగులు, మూతికి గుడ్డ, కట్టెతోనే కలపాలె. మరునాడు పొద్దున్నే చచ్చిన ఎలుకలు ఏరి రెండు అడుగుల లోతు గుంతల పూడ్చాలె. ఈ ఆఖరు పనిని చాలామంది ఎగ్గొడతరు, నష్టం అక్కడే. చచ్చిన ఎలుక కడుపుల అరగని మందు ఉంటది, దాన్ని తిన్న పిల్లి కూడా పోవచ్చు.

ఒక్కరు చేస్తే పక్క మడి ఎలుకలు వచ్చి చేరతయి. ఆయకట్టు రైతులందరు ఒకే వారం చేయాలె, అది కూడా వరి పొట్టకు రాకముందే. మందు లేకుండా అంటవా, ఎలుకలు పట్టే వెదురు బుట్టలు పెట్టు, గుడ్లగూబలు కూసునేటందుకు పొలంల టీ ఆకారం కట్టెలు పాతు. మడుల మధ్య గట్లు సన్నగ ఉంచితే కొక్కులకు తవ్వే జాగ తగ్గుతది. కాలువ గట్టు పొదలు మాత్రం అట్లనే వదిలెయ్యి.

---

ఎడమకాలువ_వరి:

మస్తు వివరంగ చెప్పిన్రు. ఇంకో అనుమానం. పోయినసారి కోత మిషన్ నడుస్తుంటే పక్క మడిల చారలున్న పిల్లికూనలు దొరికినయంట, ఇంటికి తీసుకపోయి బర్రె పాలు పోస్తే రెండు రోజులల్లనే చచ్చిపోయినయి. ఈసారి అట్ల కావొద్దు. దొరికితే ఏం చేయాలె? ఊరపిల్లి కూనలా, అడవి పిల్లి కూనలా ఎట్ల గుర్తుపట్టాలె?

---

పశువైద్యం_నల్లగొండ:

చారలు చూసి ఊరపిల్లి కూనలే అనుకోవద్దండీ. అడవి పిల్లి కూనలకు పుట్టినప్పుడు చారలు, మచ్చలు ఉంటాయి, పెరిగేకొద్దీ మాసిపోతాయి. పొలం మధ్యలోనో జమ్ములోనో దొరికితే అడవి కూనలనే అనుకుని నడుచుకోవడం మంచిది. ఈతకు సాధారణంగా రెండు మూడు కూనలు, ఒక్కోసారి ఎక్కువ. గర్భం రెండు నెలల పైచిలుకు. కళ్లు పది పదమూడు రోజులకు తెరుచుకుంటాయి. కళ్లు మూసుకుని ఉన్నాయంటే ఆ లోపు వయసు, కదలలేవు.

మిషన్ నడపడంలోనే సగం పని ఉంది. మడి చుట్టూ తిరుగుతూ లోపలికి కోసుకుంటూ పోతే అన్నీ నడిమికి చేరి, ఆఖరి చక్కరులో పళ్ల కింద పడతాయి. కాలువకు దూరంగా ఉన్న వైపు నుంచి మొదలుపెట్టి పొదల వైపు కోసుకుంటూ రండి, తల్లికీ నడవగల కూనలకూ తప్పించుకునే దారి ఉంటుంది. కోత అయ్యాక కొయ్యకాళ్లకు నిప్పు పెట్టొద్దు. కళ్లు తెరవని కూనలు, పక్షుల గుడ్లు అన్నీ అందులోనే కాలిపోతాయి.

కూనలు దొరికితే మొదటి మాట: తల్లి వాటిని వదిలేయలేదు. వేటకు పోయి గంటల తరబడి రాకపోవడం మామూలే. మిషన్ ఆపి, వీలైతే ఆ నాలుగు గజాలు కోయకుండా వదిలేయండి. తప్పదంటే గుడ్డతో పట్టుకుని టమాటా క్రేట్‌లో ఎండుగడ్డి పరిచి పెట్టండి. క్రేట్ ఎందుకంటే అడుగు లోతు గోడను తల్లి సులువుగా దూకుతుంది, కూనలు బయటకు పాకలేవు, గాలి ఆడుతుంది. అట్టపెట్టెకు మూత వేసి పెడితే తల్లి లోపలికి రాలేదు. యాసంగి కోతల్లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది కాబట్టి సాయంత్రం దాకా నీడలో, పైన పలుచని గుడ్డ కప్పి ఉంచండి. పొద్దుగూకాక గుడ్డ తీసేసి, దొరికిన చోటే, లేదా అక్కడి నుంచి యాభై మీటర్ల లోపు పొద అంచున పెట్టండి. మనుషుల చెయ్యి తగిలితే తల్లి ముట్టదనేది నిజం కాదు.

ఆ తర్వాత అందరూ కనీసం వంద మీటర్లు దూరం పోవాలి. కుక్కలను కట్టేయాలి. టార్చిలైట్లు, సెల్ఫోన్ ఫొటోలు వద్దు. అక్కడ మనుషులుంటే తల్లి రాదు, ఎక్కువసార్లు చెడేది ఇక్కడే. తల్లి ఒక్కొక్క కూననే నోట కరచుకుని మోస్తుంది. తెల్లారి చూస్తే ఒకటి మిగిలి ఉండొచ్చు, దాన్ని ఇంటికి తేవద్దు, మళ్లీ పగలు నీడలో ఉంచి ఇంకో రాత్రి అక్కడే పెట్టండి. మొదటిరోజే అటవీ రేంజ్ ఆఫీసుకు చెప్పి ఉంచండి. రెండు రాత్రులకూ తీసుకుపోకపోతే వాళ్లకు అప్పగించాలి. గాయం, ఈగల గుడ్లు, ఒళ్లు చల్లబడటం కనబడితే రాత్రి దాకా ఆగొద్దు, వెంటనే పిలవండి.

పాలు పోయొద్దు. ఆవు పాలైనా బర్రె పాలైనా అందులోని లాక్టోజ్ పిల్లికూనలకు సరిగా అరగదు. విరేచనాలు పట్టుకుని ఒంట్లో నీరు పోయి చస్తాయి. వెల్లకిలా పడుకోబెట్టి పోస్తే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. మీరు చెప్పిన కూనలకు ఈ రెంటిలో ఒకటి అయి ఉంటుంది. కూనలు చల్లగా ఉంటే ముందు వెచ్చదనం ముఖ్యం: గోరువెచ్చని నీళ్ల సీసాకు గుడ్డ చుట్టి పక్కన పెట్టండి.

పెద్ద పిల్లి గానీ కూన గానీ కరిచినా రక్కినా సబ్బుతో ధారగా పారే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు ప్రభుత్వ దవాఖానలో రేబిస్ టీకా వేయించుకోవాలి. గీత చిన్నదే కదా అని ఆగొద్దు. ఊళ్లో పెంపుడు పిల్లులకూ కుక్కలకూ టీకాలు వేయిస్తే వాటి రోగాలు అడవి పిల్లులకు అంటకుండా కూడా ఉంటాయి.

---

పాలమూరు_సాగు:

కోళ్ల గురించి ఎవరూ చెప్పలే. ముందు ఎవరు తింటున్నరో చూడాలె. ఒక కోడి మాయమై, కొద్ది దూరంల పొద కాడ ఈకలు రాలి ఉంటే పిల్లి పని అనుకోవచ్చు. ఐదారు కోళ్లు చచ్చి అక్కడనే పడి ఉంటే కుక్కనో ముంగిసనో అనుమానించాలె. గుడ్లు పగిలి ఉంటే ముంగిసను చూడు.

గూటికి అంగుళం సందున్న కోళ్ల జాలి సరిపోదు, పంజా లోపలికి పోతది. అరంగుళం వెల్డెడ్ జాలి కట్టు. పైన కూడా మూయాలె, పిల్లికి గోడ ఎక్కుడు పెద్ద పని కాదు. అడుగున షాబాద్ బండలు పరువు, లేకుంటే జాలిని అడుగు లోతు మట్టిల దింపు. తలుపుకు తాడు కాదు, గడియ పెట్టు, కింద సందు అరంగుళం మించొద్దు. గూడు చుట్టూ పది అడుగులు గడ్డి, కంప తీసేస్తే దాక్కుని వచ్చే జాగ ఉండదు. అన్నింటికంటే ముఖ్యం, పొద్దుగూకక ముందే కోళ్లను లోపలికి తోలాలె. చెట్టు మీద పడుకునే కోళ్లే ఎక్కువ పోయేది.

ఉచ్చులు, కరెంటు తీగలు మాత్రం ఊసే ఎత్తొద్దు. పందుల కోసం పెట్టిన కరెంటు తీగకు మనుషులు చచ్చిన కేసులు మన జిల్లాలల్లనే ఉన్నయి.

---

నల్లమల_అడుగుజాడ:

చట్టం సంగతి కూడా పక్క పొలాల వాళ్లకు చెప్పండి. అడవి పిల్లి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షిత జంతువు. చంపడం, పట్టడం, కూనలను పెంచుకోవడం అన్నీ నేరమే. పెంచినా నిలవదు, ఏడాది తిరగకముందే పెద్దదై కరవడం మొదలుపెడుతుంది, వేట నేర్పే తల్లి లేక బయట వదిలినా బతకడం కష్టం. కూన తల్లి వెంట ఉండేది ఐదారు నెలలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. వేటంతా అప్పుడే నేర్చుకుంటుంది.

ప్రపంచం లెక్కలో దీనికి ప్రమాదం తక్కువని రాసి ఉంటుంది. కానీ చెరువు శిఖాలు పూడ్చడం, గట్ల పొదలన్నీ జేసీబీతో ఊడ్చేయడం, రోడ్ల మీద వాహనాలు, ఊరకుక్కల గుంపులు కలిసి ఒక్కో ఊళ్లో దీన్ని లేకుండా చేస్తాయి. అమ్రాబాద్ టైగర్ రిజర్వులో మన్ననూరు దాటాక శ్రీశైలం రోడ్డును రాత్రిపూట మూసేస్తారు కాబట్టి అక్కడ జంతువులకు కొంత ఊరట. మీ కాలువ గట్టు రోడ్డు మీద ఆ ఏర్పాటు ఉండదు. ధాన్యం ట్రాక్టర్లు తిరిగే నెలల్లో పొద్దుగూకాక ఆ పొదల దగ్గర వేగం తగ్గించమని డ్రైవర్లకు చెప్పండి. పిల్లి దాటే చోటు దాదాపు ఒకటే ఉంటుంది, తడి మట్టి మీద అడుగులు చూస్తే తెలిసిపోతుంది.

---

ఎడమకాలువ_వరి:

పక్క పొలాల ఇద్దరికి ఇదంతా చదివి వినిపించిన. మాంసంల మందు కలిపే మాట మానుకున్నరు, గూటికి అరంగుళం జాలి కొనేటందుకు ఒప్పుకున్నరు. కోత మిషన్ ఓనరుకు కూడా చెప్పిన, పొదల వైపు కోసుకుంటూ వస్తనన్నడు. రెండు టమాటా క్రేట్లు బాయి కాడ పెట్టి ఉంచుతున్న. ఇంకొకటి అడగాలె: కాలువ శుభ్రం చేసేటప్పుడు జమ్ము మొత్తం పీకేస్తరు. కొంతన్న ఆపాలంటే ఎంత వెడల్పు వదలాలె?

---

నల్లమల_అడుగుజాడ:

నీటి పారుదలకు అడ్డం వచ్చే జమ్ము కాలువ లోపలిది. దాన్ని తీయనివ్వండి, దాని కోసం గొడవ పెట్టుకోవద్దు. గట్టు అవతలి వాలు మీద, ఊట నీళ్లు నిలిచే దిగువన ఉన్న పొదలను మాత్రం వదిలేయమని అడగండి. వెడల్పు కంటే తెగకుండా ఉండటం ముఖ్యం. మధ్యలో వంద మీటర్లు బోడి నేల వస్తే పిల్లి అక్కడ బయటపడి కుక్కలకు దొరుకుతుంది. ఒకేసారి మొత్తం కాకుండా ఈ ఏడాది ఒక సగం, వచ్చే ఏడాది ఇంకో సగం తీస్తే ఎప్పుడూ ఎంతో కొంత చాటు మిగులుతుంది. పని మొదలుపెట్టే ముందురోజు పొదల్లో కర్రతో చప్పుడు చేసుకుంటూ ఒకసారి నడవండి, పెద్ద జంతువులు తప్పుకుంటాయి. కూనలు కనబడితే ఆ ముక్కను కొన్ని వారాలు ఆపమనండి. కళ్లు తెరిచి నడక వచ్చాక తల్లే వాటిని ఇంకో చోటికి నడిపించుకుపోతుంది.