మంజిష్ఠ లేక్ ఎర్రగా రాక చాక్లెట్ రంగుకి తిరుగుతోంది

కుంచెపుల్ల:
మంజిష్ఠ వేరు రంగుతో లేక్ (పటికతో ముద్దగా దింపి, బొమ్మలకి వాడే రంగు) చేద్దామని, బేగంబజార్ మంజిష్ఠ పొడి 50 గ్రాములు ఇనప మూకుట్లో, లీటరు బోరు నీళ్లతో అరగంట మరిగించాను. వడగట్టి 50 గ్రాముల పటిక కరిగించి, నురగ ఆగేదాకా వాషింగ్ సోడా వేశాను. చాక్లెట్ రంగు ముద్ద దిగింది, పైనీళ్లు ఊదాగానే ఉన్నాయి. జిగురు కలిపి చెరియాల పద్ధతిలో సుద్ద పూసిన ఖాదీ మీద వేస్తే, ఆరాక తెల్లగా ఉప్పు పూసింది. ఎక్కడ తప్పింది?

ఎర్రమట్టి:
ముందు ఆ మూకుడు మార్చండి. మంజిష్ఠలోని పర్పురిన్ అనే రంగు పదార్థం పటికలోని అల్యూమినియంతో కలిస్తే ఎరుపు, ఇనుముతో కలిస్తే ఊదా, గోధుమ. స్టీలు గిన్నె వాడండి. బోరు నీళ్లలో సున్నం అంత శత్రువేమీ కాదు, ఈ వేళ్ల అద్దకంలో సుద్ద కావాలనే వేస్తారు. తుప్పు వాసన వేసే నీళ్లే పనికిరావు. ఇంకోటి, మరిగించకూడదు. పొడి రాత్రంతా నానబెట్టి 70 డిగ్రీలు దాటకుండా అరగంట ఉంచితే చాలు. మరిగితే గోధుమరంగు పదార్థాలు కూడా దిగుతాయి.

పటికముక్క:
మూకుడు సగం కారణమే అండీ. నురగ చూసి సోడా కొలవకూడదు. 50 గ్రాముల పటికకి తడిలేని సోడా పొడి సుమారు 17 గ్రాములు, అదే స్ఫటికాల సోడా అయితే 45. ఈ రెంటినీ కలగలిపేయడంతోనే చాలామందికి చెడుతుంది. నీళ్లలో కరిగించి కొంచెం కొంచెంగా పోయండి. నాలుగు లీటర్ల దాకా వాయువు వస్తుంది, గిన్నె కాదు, బకెట్ కావాలి. పీహెచ్ కాగితం (నీళ్ల ఆమ్లం, క్షారం చూపేది) 7 చూపగానే ఆపేయండి. 9 దాటితే అల్యూమినియం హైడ్రాక్సైడ్ (రంగుని పట్టుకుని దిగే ముద్ద అదే) మళ్లీ కరగడం మొదలై, రంగు నీళ్లలోకి పోతుంది. మీ ఊదా నీళ్లు అవే. పటిక నీళ్లు చుక్కచుక్కగా వేసి 7కి దించితే చాలావరకు ముద్దలోకి వస్తుంది. ఇనుము తెచ్చిన గోధుమ మాత్రం పోదు.
తెల్లటి ఉప్పు సల్ఫేట్లే. తేరాక నీళ్లు వంపి, ఆర్వో నీళ్లు పోసి, నాలుగైదుసార్లు కడగండి. పైనీళ్ల చుక్క నల్ల పలక మీద ఆరితే తెల్ల వలయం మిగలకూడదు.

కుంచెపుల్ల:
మంజిష్ఠ బదులు చిరివేరు వాడితే?

ఎర్రమట్టి:
మచిలీపట్నం కలంకారీ ఎరుపు దానిదే. అందులో అలిజరిన్ అనే ఎర్ర రంగు పదార్థం ఎక్కువ, కాబట్టి మంజిష్ఠ నారింజ ఛాయ తగ్గుతుంది. పద్ధతి ఇదే. నీలిమందుకి మాత్రం ఈ పటిక తతంగం అక్కర్లేదు, అది నీళ్లలో కరగదు, నేరుగా నూరుకోవచ్చు.
కడిగిన లేక్ ముద్దని మే ఎండలో పెట్టకండి. పైపొర బిగిసి రాయవుతుంది, నూరడం నరకం. నీడలో, గుడ్డ మీద.