జూనియర్ ఇండియా జెర్సీయా, సీనియర్ నేషనల్సా? చెల్లెలికి ఇదే ఆఖరి జూనియర్ ఏడాది

నాగావళి గట్టు (ఆమదాలవలస)
అందరికీ నమస్కారం. మా చెల్లెలు 800 మీటర్లు పరిగెడుతుంది. బెస్ట్ టైమింగ్ 2:08. పుట్టింది 2007లో. డిసెంబర్ 31 నాటికి ఇరవై నిండకూడదన్న లెక్క ప్రకారం 2026తో తన అండర్ 20 కాలం అయిపోతుంది. ఈసారి ప్రపంచ అండర్ 20 పోటీలు ఆగస్టు 5 నుంచి 9 వరకు అమెరికాలోని యూజీన్‌లో జరుగుతాయి. జాతీయ జూనియర్ పోటీల్లో, అంటే జూనియర్ ఫెడరేషన్ మీట్‌లో, ఇంకో రెండు మూడు సెకన్లు తగ్గిస్తే జట్టులో చోటు రావచ్చని కోచ్ గారి ఆశ. ఇటు సీనియర్ నేషనల్స్‌కు, అదే సీనియర్ ఇంటర్ స్టేట్‌కు, రాష్ట్ర జట్టులో పేరు వచ్చేలా ఉంది. పూర్తి ఫామ్ సీజన్‌కు ఒక్కసారే వస్తుంది, రెండింట్లో ఒకదానికే సిద్ధం చేస్తాను, ఏదో మీరే తేల్చుకోండి అంటున్నారు ఆయన.

ఇంట్లో రెండు పార్టీలు. నాన్నకు వీపు మీద ‘ఇండియా’ అని చూడాలని ఉంది. మావయ్య రైల్వేలో చేస్తాడు, సీనియర్ సర్టిఫికెట్ లేకపోతే ఉద్యోగం రాదంటాడు. మీరేమంటారు?

విజ్జీ గ్రౌండ్ పాతకాపు (విజయనగరం)
నా ఓటు సీనియర్‌కే, రెండో మాట లేదు. జూనియర్‌లో మెరిసి ఇరవై రెండేళ్లకే కనపడకుండా పోయినవాళ్లను మన మైదానాల్లోనే కావలసినంత మందిని చూశాను. తోటి వయసు వాళ్లను ఓడించడం వేరు, పాతికేళ్ల రైల్వే అమ్మాయి మోచేతితో పొడుస్తుంటే వంపులో లోపలి లేన్ వదలకుండా నిలబడటం వేరు. ఆ రెండోది ఎంత తొందరగా నేర్చుకుంటే అంత మంచిది.

అవినాశ్ సాబ్లేను తీసుకోండి. ఇంటర్ అయ్యాక సైన్యంలో చేరాడు. జూనియర్‌గా అతని పేరు ఎవరు విన్నారు? 2018లో భువనేశ్వర్ నేషనల్ ఓపెన్‌లో 3000 మీటర్ల స్టీపుల్‌ఛేజ్ (అడ్డంకులు, నీటి గుంట దాటే పరుగు) 8:29.80కి పరిగెత్తి, 1981 నుంచి గోపాల్ సైనీ పేరున ఉన్న జాతీయ రికార్డు పడగొట్టాడు. మన విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజీ సంగతీ అంతే. అనురాధా బిస్వాల్ పేరున 2002 నుంచి ఉన్న 100 మీటర్ల హర్డిల్స్ రికార్డును 2022లో 13.23తో దాటింది. అదే అక్టోబర్‌లో బెంగళూరు నేషనల్ ఓపెన్‌లో 12.82. మనలో చాలామందికి ఆమె పేరు తెలిసింది అప్పుడే. అప్పటికి ఆమెకు 23 ఏళ్లు. ఎదుగుదల ఆ వయసులో వస్తుంది, పద్దెనిమిదిలో కాదు.

జీడితోట (పలాస)
పాతకాపు గారూ, మీకు కావలసిన పేర్లే ఏరుకున్నారు. నీరజ్ చోప్రా ఎక్కడ మొదలయ్యాడు? 2016లో పోలండ్‌లోని బిడ్‌గోష్ ప్రపంచ అండర్ 20లో 86.48 మీటర్లు విసిరి స్వర్ణం గెలిచాక. సైన్యం నాయబ్ సుబేదార్‌గా తీసుకుంది కూడా ఆ తర్వాతే. అంటే ఉద్యోగం జూనియర్ పతకం నుంచే వచ్చింది కదా? 2018లో ఫిన్లాండ్‌లోని తాంపెరె ప్రపంచ అండర్ 20లో హిమా దాస్ 400 మీటర్లు 51.46కి గెలిచింది, ప్రపంచ స్థాయి ట్రాక్ రేసులో మనకు అదే మొదటి స్వర్ణం.

సీనియర్ నేషనల్స్ వచ్చే ఏడాది ఉంటాయి, ఆపై ఏడాదీ ఉంటాయి. అండర్ 20 మాత్రం డిసెంబర్ 31 రాత్రితో సరి. ఇందులో ఇంత ఆలోచించడానికి ఏముంది?

విజ్జీ గ్రౌండ్ పాతకాపు
నీరజ్ పేరు తెచ్చావు కాబట్టి మిగతా సగం కూడా విను తమ్ముడూ. ఆ ఏడాది రియో ఒలింపిక్స్ జావెలిన్ అర్హత 83 మీటర్లు, గడువు జులై 11. అతను 86.48 విసిరింది జులై 23న. ప్రపంచ జూనియర్ రికార్డు పట్టుకుని రియోను టీవీలో చూశాడు. పైగా అదే ఫిబ్రవరిలో గువాహటి దక్షిణాసియా క్రీడల్లో, సీనియర్ల మధ్య, 82.23 విసిరి ఉన్నాడు. పోలండ్ వెళ్లేసరికే అతను సీనియర్ పోటీలకు అలవాటు పడిపోయాడు.

డ్రిల్ మాస్టారు (చీపురుపల్లి)
ఇద్దరూ మంచి పాయింట్లే చెప్పారు, కానీ ఇద్దరూ ప్రశ్నను ‘ఇదా అదా’ అనే పట్టుకున్నారు. హిమా దాస్ 2018 వరస ఒక్కసారి చూడండి. ఏప్రిల్‌లో గోల్డ్‌కోస్ట్ కామన్వెల్త్ ఫైనల్లో ఆరో స్థానం, 51.32. జూన్ చివర్లో గువాహటి సీనియర్ ఇంటర్ స్టేట్‌లో మొదటి స్థానం, 51.13. జులై 12న తాంపెరె స్వర్ణం. ఆగస్టులో జకార్తా ఆసియా క్రీడల్లో 50.79, రజతం. పద్దెనిమిదేళ్ల పిల్ల సీనియర్, జూనియర్, మళ్లీ సీనియర్ అని పరిగెత్తింది. జూనియర్ స్వర్ణం టైమింగ్ కన్నా దానికి రెండు వారాల ముందు సీనియర్ నేషనల్స్‌లో పరిగెత్తిన టైమింగే మెరుగు, అది గమనించండి.

మధ్య దూరాల్లోనూ ఇలాంటిది ఉంది. నార్వే కుర్రాడు యాకోబ్ ఇంగెబ్రిట్సెన్ అదే తాంపెరెలో 1500లో రజతం, 5000లో కాంస్యం తీసుకుని, నెల తిరక్కుండా బెర్లిన్ యూరోపియన్ సీనియర్ పోటీల్లో ఆ రెండు దూరాలూ గెలిచాడు. వయసు పదిహేడు.

అయితే ఈ పేర్లు చూసి మన పిల్లతో రెండూ చేయించేయమని నేను చెప్పడం లేదు. వాళ్లు వయసులో జూనియర్లు గాని స్థాయిలో కాదు. 2:08 దగ్గర ఉన్న అమ్మాయి సంగతి వేరు. 2:08ని 2:05 చేయాలంటే కొన్ని వారాలు పోటీలు లేకుండా గట్టి పని పడాలి, ఆ తర్వాత శిక్షణ భారం తగ్గించుకుంటూ రావాలి. మధ్యలో ఇంకో పెద్ద మీట్ పెడితే ఆ పని సగంలో ఆగిపోతుంది. ప్రపంచ జూనియర్‌లో 800 అంటే మళ్లీ మూడు రౌండ్లు. కోచ్ గారు ఒక్కటే అన్నది అందుకే అయి ఉంటుంది, ఆయన మాట కొట్టిపారేయకండి. నాదొక ప్రశ్న: తను 2:08 పరిగెత్తిన రేసులో మొదటి 400 ఎంతలో వెళ్లింది? ముందు ఎవరైనా లాగారా, ఒక్కతే పరిగెత్తిందా?

విజ్జీ గ్రౌండ్ పాతకాపు
మాస్టారూ, నార్వే కుర్రాడికి అప్పట్లో ఇంట్లో నాన్నే కోచ్, అన్నలిద్దరూ యూరప్ చాంపియన్లు. మన పిల్ల ఉదయం ఐదింటికి మట్టి ట్రాక్ మీద ఒంటరిగా పరిగెత్తి, ఎనిమిదింటికి కాలేజీ బస్సు ఎక్కాలి. ఇక హిమ, ఆ జకార్తా తర్వాత నడుము నొప్పితో ఎంత కాలం పోగొట్టుకుందో అందరికీ తెలుసు. అన్ని రేసులు ఊరికే పోతాయా?

జీడితోట
నడుము నొప్పికి ఆ సీజనే కారణమని తేల్చింది ఎవరు? మీకు మీరే తీర్పు ఇచ్చేస్తే ఎలా?

ఫారం టూ (శ్రీకాకుళం)
ఆటలో నాకు ఓనమాలు రావు, కాగితాలు మాత్రం బాగా తెలుసు. మావయ్య గారి మాటకు జవాబు చెబుతాను.

కేంద్ర ప్రభుత్వ క్రీడా కోటాలో పోటీ స్థాయిని బట్టి సర్టిఫికెట్ ఫారం మారుతుంది. దేశం తరఫున ఆడితే ఫారం 1, జాతీయ సమాఖ్య కార్యదర్శి ఇస్తారు. రాష్ట్రం తరఫున జాతీయ పోటీల్లో ఆడితే ఫారం 2, రాష్ట్ర సంఘం కార్యదర్శి ఇస్తారు. యూనివర్సిటీ పోటీలకు ఫారం 3, స్కూల్ గేమ్స్‌కు ఫారం 4. ప్రాధాన్యంలో అంతర్జాతీయ పోటీలో దేశానికి ఆడినవాళ్లు మొదటి వరుస. సీనియర్ లేదా జూనియర్ జాతీయ పోటీల్లో మూడో స్థానం లోపు వచ్చినవాళ్లు రెండో వరుస. ఆ వరుసలో సీనియర్, జూనియర్ ఇద్దరూ ఉంటే సీనియర్ పతకానికి మొగ్గు.

కాబట్టి ‘సీనియర్ కాగితం ఉంటేనే ఉద్యోగం’ అన్నది పూర్తి నిజం కాదు. సీనియర్ నేషనల్స్‌లో హీట్స్‌లోనే వెనక్కి వస్తే ఆ కాగితం బరువు చాలా తక్కువ. రైల్వే, బ్యాంకు, పోలీసు, ఒక్కొక్కరి నోటిఫికేషన్‌లో షరతులు మారతాయి. అది చేతిలో పెట్టుకుని మాట్లాడండి. మావయ్య గారికి కోపం రాకుండా చెప్పండి, పాపం ఆయన తన రోజుల నిబంధనలు చెబుతున్నారు.

బొబ్బిలి అక్క
నేను 1500 పరిగెత్తేదాన్ని, ఇప్పుడు ఇద్దరు పిల్లల తల్లిని. ఇక్కడ మాట్లాడుతున్నవాళ్లంతా మగవాళ్లే అనిపించి రాస్తున్నా. అమ్మాయి విషయంలో మీరెవరూ ఎత్తని మాట ఒకటుంది. మన వైపు అమ్మాయికి ఇరవై వచ్చేసరికి ఇంట్లో సంబంధాల మాట మొదలవుతుంది. సాబ్లేకి ఆ టెన్షన్ లేదు. జ్యోతికి 23లో ఎదుగుదల వచ్చిందన్నారు, నిజమే, కానీ 23 దాకా స్పైక్స్ వేసుకోనిచ్చే ఇళ్లు మన పల్లెల్లో ఎన్ని? నాతో పరిగెత్తిన గుంటలు ఒక్కొక్కరే ఎలా తగ్గిపోయారో నాకు తెలుసు. ఎవరికీ కాలు విరగలేదు, పెళ్లిళ్లు అయ్యాయి.

అదే ఇండియా జెర్సీ వేసుకుని పేపర్లో ఫొటో పడిన పిల్ల అయితే ఊళ్లో మాట మారుతుంది. ‘ఇంకో రెండేళ్లు పరిగెత్తనివ్వండి’ అని సర్పంచి గారే నాన్నతో అంటారు. కరణం మల్లీశ్వరి మీ ఆమదాలవలస పక్క ఊసవానిపేట ఆడపిల్లే కదా. సిడ్నీలో ఆమె కాంస్యం గెలిచాక ఈ చుట్టుపక్కల ఎంతమంది తండ్రులు ఆడపిల్లల్ని మైదానానికి పంపారో! విజయనగరం దగ్గర కొండవెలగాడలో అమ్మాయిలు బరువులెత్తుతుంటే ఇవాళ ఎవరూ వింతగా చూడరు. చుట్టూ ఉన్నవాళ్ల చూపు మారితే పిల్లకు కాలం కలిసొస్తుంది. 800 మీటర్లకు కావలసింది ఆ కాలమే. అందుకే నేను జూనియర్ వైపు. పతకం వస్తుందని కాదు.

ఇంకోటి తమ్ముడూ. చెల్లికి హిమోగ్లోబిన్ పరీక్ష చేయించారా? ఆ వయసు ఆడపిల్లలు చివరి 200లో చచ్చుబడిపోతే కోచ్‌లు ‘స్టామినా లేదు’ అంటారు, అసలు లేనిది చాలాసార్లు ఇనుము. నెలసరి సరిగ్గా వస్తోందో లేదో అమ్మను కనుక్కోమను. తిండి తగ్గించి బరువు దించుకుంటే టైమింగ్ కొన్నాళ్లు బాగుంటుంది, తర్వాత ఎముకలు దెబ్బతింటాయి. ఉదయం పరుగు అయ్యాక చోడి అంబలి, గుడ్లు తప్పనిసరి. జూనియర్, సీనియర్ సంగతి తర్వాత.

డ్రిల్ మాస్టారు
బొబ్బిలి అమ్మాయి చెప్పిన రెండో సంగతి నేను ముందే అడగాల్సింది. మొదటి సంగతి నాకు తట్టనే లేదు.

విజ్జీ గ్రౌండ్ పాతకాపు
అక్కా, పెళ్లి సంబంధాల కోసం రేసు ఎంచుకోవాలా? నాకు మింగుడు పడటం లేదు. అయినా మీరు చూసిన లోకం నేను చూడలేదు, ఒప్పుకుంటాను. నా అనుమానం ఒక్కటే: జట్టులో చోటు రాకపోతే? అప్పుడు జెర్సీ లేదు, సీనియర్ రేసూ లేదు.

నాగావళి గట్టు
అందరికీ థాంక్స్. మాస్టారూ, కోచ్ గారిని అడిగాను. 2:08 రేసులో మొదటి 400 అరవై ఒకటిలో వెళ్లిపోయిందట, రెండోది అరవై ఏడు. ముందు ఎవరూ లేరు, మొదటి వంపు దాటి లేన్లు వదిలిన దగ్గర్నుంచి ఒక్కతే.

హిమోగ్లోబిన్ రేపు చేయిస్తున్నాం. ఇవన్నీ చెల్లెలికి చదివి వినిపించాను. ఇంతమంది చెప్పాక తను అన్నది ఇది: ‘నాకు యూజీన్ కాదు, ముందు ఎవరైనా పరిగెడుతుంటే వెనక పట్టుకుని పరిగెత్తాలని ఉంది. ఇంతవరకు అలాంటి రేసు దొరకలేదు.’

డ్రిల్ మాస్టారు
అరవై ఒకటి, అరవై ఏడు. అయితే దారి దొరికినట్టే. మొదటి చుట్టు అరవై మూడున్నరలో వెళ్లి ఉంటే 2:08 అప్పుడే కిందకు దిగేది. శరీరంలో ఉంది, రేసు నడపడంలో లేదు. ఇంత తేడాతో ఉన్న పిల్లకు జూనియర్ ఫెడరేషన్ మీట్ మీదే పూర్తి ఫామ్ పెట్టమనండి, ఎందుకంటే అక్కడ పక్కన పరిగెత్తేవాళ్లు తన టైమింగ్ వాళ్లే, పట్టుకుని వెళ్లడానికి గుంపు దొరుకుతుంది. చోటు వచ్చిందా, సీనియర్ మాట ఈ ఏడాదికి మరిచిపోండి. పాతకాపు గారి అనుమానానికి కూడా ఇదే జవాబు: రాకపోతే ఇంటర్ స్టేట్‌లో పేరు ఉంచండి, కానీ పతకానికి కాదు, సీనియర్ల వెనక ఐదో స్థానంలో అంటిపెట్టుకుని 600 మీటర్ల దాకా వెళ్లడానికి. అప్పుడు ఫామ్ కొంచెం దిగి ఉంటుంది, ఫరవాలేదు, తను అడిగిన రేసు అదే కదా. రాష్ట్ర సంఘానికి ఎంట్రీ గడువు కోచ్ గారి చేతే అడిగించండి, వాట్సాప్‌లో తిరిగే తేదీలు నమ్మకండి.

ఇంకొకటి. చెల్లికి పాస్‌పోర్టు ఉందా? లేకపోతే ఈ వారమే మొదలెట్టండి. జట్టులో పేరు వచ్చాక చేద్దామంటే కుదరదు, అమెరికా వీసాకు హైదరాబాద్ కాన్సులేట్ దాకా వెళ్లాలి. పదో తరగతి మార్కుల జాబితా, ఆధార్, పాస్‌పోర్టు, మూడింటిలో పేరు, పుట్టిన తేదీ అక్షరం తేడా లేకుండా ఉండాలి. వయసు దగ్గర పట్టుకున్నారంటే ఏ టైమింగూ కాపాడదు.

నాగావళి గట్టు
మాస్టారూ, ఇప్పుడే తీసి చూశాను. మెమోలో ఇంటి పేరు పూర్తిగా ఉంది, ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉంది. సోమవారం ఆధార్ సెంటర్‌కు వెళ్తున్నాం.