ఇందిరాగాంధీ పోయిన రోజు మీరెక్కడున్నారు? పెద్దలు చెప్పేది సరిచూసుకోవడం ఎలా?

ప్రశ్న: గంజాం తెలుగు

ఒడిశాలో బరంపురం, ఛత్రపురం, పర్లాకిమిడి వైపు తెలుగిళ్ళలో డెబ్భై దాటిన పెద్దల మాటలు ఫోనులో రికార్డు చేస్తున్నాం. అడిగేది ఒకటే: 1984లో ఇందిరాగాంధీని కాల్చి చంపిన రోజు మీరెక్కడున్నారు, కబురెలా తెలిసింది? కొందరు పొద్దున్నే రేడియోలో విన్నామంటారు. కొందరు టీవీలో చూశామంటారు. ఒక పెద్దాయన ముందురోజే ఆవిడ ఉపన్యాసం విన్నానంటారు. 1999 తుఫాను గురించి అడిగితే తేదీలు ఇంకా కలగాపులగం. ఎదురు చెప్తే నొచ్చుకుంటారు, చెప్పకపోతే తప్పు అచ్చులోకి ఎక్కుతుంది. ఏం చెయ్యాలి?

జవాబు: రేడియో శ్రోత

ముందు ఆ రోజు గంటల లెక్క కాగితమ్మీద రాసి మీ దగ్గరుంచుకోండి, వాళ్ళకు చూపించొద్దు. 1984 అక్టోబరు 31, బుధవారం. కాల్పులు ఉదయం 9.20 ప్రాంతంలో జరిగాయి. చనిపోయారని ఎయిమ్స్ వైద్యులు ప్రకటించింది మధ్యాహ్నం రెండు దాటాక. బీబీసీ పగలే చెప్పేసింది. ఆకాశవాణి మాత్రం మరణవార్తను సాయంత్రం ఆరింటిదాకా చెప్పలేదు. ఆ సాయంత్రమే రాజీవ్ గాంధీ ప్రమాణస్వీకారం. అంత్యక్రియలు నవంబరు 3, శనివారం.

కాబట్టి ‘పొద్దున్నే రేడియోలో’ అంటే రెండు మూడు దారులున్నాయి. కాల్పుల సంగతి పగటిపూట ఎవరో షార్ట్‌వేవ్‌లో, అంటే బీబీసీ లాంటి విదేశీ రేడియోలో, విని చెప్పి ఉండొచ్చు. లేదా వాళ్ళు విన్నది మర్నాడు, నవంబరు 1 పొద్దుటి వార్తలు కావచ్చు. ‘ఎన్నింటికి’ అని అడగకండి, ఎవరికీ గుర్తుండదు. ‘అన్నం తిన్నాకా, తినకముందా? బడి వదిలేశారా, అసలు వెళ్ళనే లేదా? కొట్లు అప్పటికే మూసేశారా?’ అని అడగండి. ఏ పూటో దానంతటదే తేలిపోతుంది.

టీవీ చూశామన్నవాళ్ళను ఆ సెట్టు ఎవరింట్లో ఉండేదో, తెర మీద ఏం కనిపించిందో అడగండి. జనం వరసకట్టి నడుస్తున్నారంటే తీన్‌మూర్తి భవన్‌లో పార్థివదేహాన్ని ఉంచినప్పటిది. రాజీవ్ చితికి నిప్పు పెట్టడం చూశానంటే అది 3వ తేదీ ప్రత్యక్ష ప్రసారం. అబద్ధమేమీ కాదు, రోజు మారిందంతే.

ఉపన్యాసం విన్న పెద్దాయన మాట తీసిపారేయకండి. ఆవిడ ఆఖరి బహిరంగ సభ అక్టోబరు 30న భువనేశ్వర్‌లోనే జరిగింది. రైల్లో వెళ్ళారా, లారీలోనా? ఎవరు తీసుకెళ్ళారు? రాత్రికే తిరుగుముఖం పట్టారా, మర్నాడా? మర్నాడైతే దారిలో ఏ స్టేషన్లో కబురు విన్నారో అడగండి. నాకు అన్నిటికన్నా విలువైన రికార్డింగు అదే అనిపిస్తోంది.

జవాబు: మనస్తత్వశాస్త్రం లెక్చరర్

ఇలాంటి జ్ఞాపకాలను ‘ఫ్లాష్‌బల్బ్ జ్ఞాపకాలు’ అంటారు. 1977లో బ్రౌన్, కులిక్ అనే పరిశోధకులు పెట్టిన పేరది. ఎక్కడున్నాం, ఏం చేస్తున్నాం, ఎవరు చెప్పారు, మనకెలా అనిపించింది, పక్కవాళ్ళు ఏమయ్యారు, తరవాత ఏం జరిగింది అనే అంశాలు ఇలాంటి జ్ఞాపకాల్లో దాదాపు ఎప్పుడూ ఉంటాయి. మీ ప్రశ్నలూ ఈ వరసలోనే పెట్టుకోండి.

అవి ఎలా తప్పుతాయో అమెరికా అంతరిక్ష నౌక ఛాలెంజర్ ప్రమాదం (1986 జనవరి 28) తేల్చింది. నైసర్, హార్ష్ అనే ఇద్దరు మర్నాడే విద్యార్థుల చేత ఎలా తెలిసిందో రాయించారు. రెండున్నరేళ్ళకు 44 మందిని మళ్ళీ అడిగితే, 11 మంది చెప్పిందాంట్లో ఒక్క ముఖ్యాంశం కూడా మొదట రాసినదానితో కలవలేదు. నమ్మకం మాత్రం గట్టిగానే ఉంది. చాలామంది, తోటివాళ్ళు చెప్పగా విన్న మొదటి కబురు మరిచిపోయి, తరవాత టీవీలో చూసిందే మొదటిదనుకున్నారు. మీ టీవీ చిక్కు అచ్చంగా ఇదే. జ్ఞాపకం గట్టిగా ఉంది కదాని సరైనదని అనుకోకూడదు, పొరపాటు పడ్డారు కదాని కల్పించారనీ అనకూడదు.

మొదటి ప్రశ్నలో రేడియో, టీవీ అనే మాటలే రానివ్వకండి. ‘ఆ కబురు మీదాకా ఎలా వచ్చిందండీ?’ అని ఊరుకోండి. మధ్యలో మౌనం వస్తే పది సెకన్లయినా ఆగండి. ఇంట్లో నలుగురూ చుట్టూ చేరితే ఒకరి జ్ఞాపకం ఇంకొకరి నోట వస్తుంది, అందుకని విడివిడిగా కూర్చోబెట్టండి. తేదీ తేడా కనిపిస్తే తప్పని చెప్పకండి. ‘రేడియోలో సాయంత్రం చెప్పారట మామ్మా, మీకు అంతకుముందే ఎవరైనా చెప్పారా?’ అంటే నొచ్చుకోరు.

ఆ రోజుల్లో ఢిల్లీలో ఉన్నవాళ్ళో, లారీల మీద ఉత్తరాదికి తిరిగినవాళ్ళో తగిలితే తరవాతి రోజుల్లో సిక్కుల మీద జరిగిన దాడుల గురించీ చెప్తారు. ఒక్క ఢిల్లీలోనే 2,733 మంది సిక్కులు చనిపోయారని అధికారిక లెక్క. ఆ మాట దగ్గర గొంతు ఆగిపోతే రికార్డింగు ఆపేయండి. ఉంచమంటారా, తీసేయమంటారా అని తరవాత నిదానంగా అడగండి.

జవాబు: గోపాల్‌పూర్ తీరం

1999 తేదీలు కలగాపులగం అవడానికి గట్టి కారణమే ఉంది. ఆ అక్టోబరులో తుఫాన్లు రెండు. మొదటిది 17, 18 తేదీల్లో గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. గంజాంవాళ్ళను కొట్టింది అదే. దేశమంతా చెప్పుకునే సూపర్ సైక్లోన్ 29న పారాదీప్ వైపు, ఎర్సమా, జగత్‌సింగ్‌పూర్ మీద పడింది. మీ పెద్దవాళ్ళు ‘1999లో మా ఇంటి పెంకులు లేచిపోయాయి’ అంటే బహుశా మొదటిదాని గురించే. గాలి దసరా రోజుల్లోనా, దసరా అయిన పది రోజులకా అని అడిగితే తెలిసిపోతుంది, ఆ ఏడు విజయదశమి 19న.

అలాగని పండగ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ కూడా గోపాల్‌పూర్ దగ్గరే, దసరా రోజుల్లోనే, రాత్రిపూట తీరం దాటింది. సరిగ్గా ఏడాదికి అదే తేదీన హుద్‌హుద్ విశాఖను కొట్టింది. చేతిలో సెల్‌ఫోన్ ఉందా, ముందే షెల్టర్‌కు తరలించారా అని అడగండి. ఉంటే ఫైలిన్.

ఏది ఎప్పుడో తేలకపోతే కాగితం వెతకండి: బడి హాజరుపట్టీ, కొట్టు చిట్టా, ఆ వారంలో పుట్టిన బిడ్డ జనన పత్రం. 1984కైతే, అది దీపావళి వెళ్ళిన వారం, కార్తీకం మొదట్లో. నాగుల చవితి పుట్ట దగ్గరికి వెళ్ళొచ్చిన రెండు మూడు రోజులకే అన్నారంటే సరిపోయినట్టే.

గంజాం తెలుగు: చాలా ఉపయోగం. రికార్డింగులో ఫ్యాను హోరు మాటను మింగేస్తోంది. మాటల మధ్య ఒడియా కూడా దొర్లుతోంది, దాన్నేం చెయ్యాలి?

జవాబు: రేడియో శ్రోత

ఫ్యాను ఆపేయండి. ఎండాకాలమైతే పొద్దున్న తొమ్మిదిలోపే వెళ్ళండి. ఫోను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, నాలుగు మడతల తువ్వాలు మీద, నోటికి మూరెడు దూరంలో ఉంచండి. ఉత్త బల్ల మీద పెడితే గ్లాసు పెట్టిన చప్పుడల్లా ఎక్కుతుంది. ఒక నిమిషం రికార్డు చేసి, విని, అప్పుడు మొదలుపెట్టండి. రికార్డింగు సెట్టింగుల్లో వేవ్ (WAV) ఫార్మాట్, 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్, మోనో చాలు. గంటకు 320 ఎంబీ దాకా పడుతుంది. మొదట్లోనే తేదీ, ఊరు, మాట్లాడేవారి అనుమతి వాళ్ళ గొంతుతోనే చెప్పించండి. ఇంటికి రాగానే రెండు వేరు వేరు చోట్ల కాపీ పెట్టండి.

ఒడియా మాటలు ఎలా పలికితే అలాగే తెలుగు లిపిలో రాసి, అర్థం పక్కన ఇవ్వండి. సరిచేసి తెలుగు చెయ్యకండి, బరంపురం మాట బరంపురం మాటగానే ఉండాలి. వాళ్ళు చెప్పింది యథాతథంగా పైన, మీరు సరిచూసింది కింద విడిగా అచ్చువేయండి. రెండూ ఒకే వాక్యంలో కలపొద్దు.

ఇంకొక్కటి. 2023 జూన్ 2, శుక్రవారం సాయంత్రం ఒడిశాలోని బహనగా దగ్గర కోరమండల్ రైలు ప్రమాదం కబురు మనవాళ్ళలో చాలామందికి ఫోన్లోనే వచ్చింది. అప్పటి వాట్సాప్ సందేశాల మీద గంట, నిమిషం ఉంటాయి. ఫోన్లు మార్చేలోగా ఆ చాట్‌ను ఎక్స్‌పోర్ట్ చేసి దాచమనండి. ఆ రాత్రి ఎక్కడున్నారో కూడా, మెసేజ్‌లు చూడకుండా, ఇప్పుడే ఒక పేజీ రాయించండి. తరవాత రెండూ పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు.