అప్‌డేట్: రోజూ బైబిలు చదువుతున్నా ఆ రోజుకు పనికొచ్చే మాట దొరకడం లేదన్న ప్రశ్న

ఆదికాండము నుంచి వరసగా చదువుతూ లేవీయకాండము దగ్గర ఆగిపోయానని, ఆఫీసు గొడవలకూ అమ్మ జబ్బుకూ వాక్యంలో ఏ దారీ కనిపించడం లేదని ఇక్కడ అడిగాను. జవాబిచ్చిన అందరికీ వందనాలు.

పనిచేసింది తేదీ ప్రకారం బైబిల్లోని సామెతల గ్రంథం చదవమన్న సలహా. 31 అధ్యాయాలు కాబట్టి ఏ తేదీకి ఆ అధ్యాయం. 15వ తేదీన "మృదువైన మాట క్రోధమును చల్లార్చును" చదివి వెళ్లాను. ఆ రోజు మేనేజరుకు రాయబోయిన ఘాటు మెయిలు రాయలేదు.

అమ్మ విషయంలో మాత్రం మా పాస్టరుగారి మాటే పట్టు దొరికేలా చేసింది. "నా కృప నీకు చాలును" అన్న వాగ్దాన కార్డు మా గోడమీద ఎప్పటినుంచో ఉంది. రెండవ కొరింథీయులకు 12వ అధ్యాయం 7వ వచనం నుంచి చదవమన్నారు. ఆ పత్రిక రాసిన అపొస్తలుడు పౌలు, తన శరీరంలో ముల్లులా బాధపెడుతున్న ఇబ్బందిని తీసేయమని ప్రభువును ముమ్మారు వేడుకున్నాడు. ముల్లు పోలేదు, వచ్చిన జవాబు ఆ మాట! అమ్మకు ఇంకా నయం కాలేదు. నా ప్రార్థన మాత్రం మారింది.

తెల్లవారుజామునే లేవడం, కొత్త స్టడీ బైబిలు, యాప్ మార్చడం, ఇవేవీ తేడా తేలేదు. లేవీయకాండము ప్రస్తుతానికి పక్కన పెట్టాను, మార్కు సువార్త అయ్యాక చూస్తాను.