ఉరవడి, ఒరవడి: బొమ్మనీళ్ళకి ఏది?

లంకల మధ్య గోదావరిని కార్టూన్‌లా కదిలించే పని ఒకటి చేస్తున్నాం. చేసేది కంప్యూటర్లోనే, కానీ చూస్తే చేత్తో గీసినట్టు ఉండాలి. టీమ్‌లోకి కొత్తగా వచ్చేవాళ్ళ కోసం పని పద్ధతంతా తెలుగులో రాసిపెడుతూ, ఫ్లో మ్యాప్‌ని (నీరు ఎక్కడ ఎటు పోవాలో చెప్పే బొమ్మని) 'ఒరవడి' అనీ, దానివల్ల నీటికి వచ్చే కదలికని 'ఉరవడి' అనీ రాశాను. అది చదివిన మా ఊరి పెద్దాయన ఒకరు, "రెండూ ఒకటేనమ్మా, పేపర్లో ఎటు పడితే అటు రాస్తారు, ఒక్కటి ఉంచు చాలు" అన్నారు. నాకు ఒప్పుకోబుద్ధి కావట్లేదు.

ఉరవడి అంటే వేగం, ఉద్ధతి. ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులు దాటి మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చిన రోజు గౌతమి ఒడ్డున నిలబడితే కనపడేది అదే. ఒరవడి వేరు. చూసి రాసుకోమని పై వరసలో మాస్టారు రాసిచ్చే మేలుబంతి అది, 'కొత్త ఒరవడి పెట్టాడు' అనడంలో ఉన్నదీ ఆ అర్థమే.

ఇక ఫ్లో మ్యాప్ అనేది ఒక మామూలు బొమ్మ. అందులో ప్రతి చుక్కలోనూ ఎరుపు ఎంత ఉందో దాన్నిబట్టి నీరు కుడికా ఎడమకా, ఆకుపచ్చ ఎంత ఉందో దాన్నిబట్టి పైకా కిందికా అన్నది తేలుతుంది. 0 నుంచి 255 దాకా ఉండే విలువల్లో రెండూ నడుమ, అంటే 128 దగ్గర ఉంటే అక్కడ నీరు కదలదు. లంక కొమ్ము తగిలి పాయ చీలేచోట ఎటెటు పోవాలో మేమే రంగులు పూసి పెడతాం. ఆ బొమ్మ కదలదు, తెర మీద కనపడనైనా కనపడదు, నీటిమీది తెల్లగీతలు మాత్రం దాన్ని చూసుకునే నడుస్తాయి. మరి మేలుబంతి కాక ఇంకేంటండీ అది?

ఒకరి జవాబు: తేడా నిజమే గానీ, వినేవాడికి ఉ, ఒ రెండూ ఒక్కలాగే వినపడతాయి. క్లాసులో గట్టిగా చదివి చెప్పాలంటే తికమక. 'ప్రవాహపటం' అంటే పీడా పోతుంది కదా?

ప్రవాహపటం తప్పు కాదు, జాగ్రఫీ పుస్తకం వాసన కొడుతుంది, అంతే. అది అనగానే పిల్లలు కాలవల మ్యాప్ అనుకుంటారు.

ఇంకొకరి జవాబు: మాటల సంగతి అటుంచండి, గీతలు అలా లాగుతూ పోతే కాసేపటికి సాగిపోయి పీచుపీచుగా అయిపోవూ?

అవుతాయి, అసలు తలనొప్పంతా అక్కడే. అందుకే ఒకే గీతల బొమ్మని రెండు ప్రతులుగా నడిపిస్తారు. ఒకటి బాగా సాగిపోయేసరికి దాన్ని మాయం చేసి మొదటికి తెస్తారు, ఆ సమయానికి రెండోది సగం దారిలో ఉండి నిండుగా కనపడుతుంటుంది. మామూలు నీళ్ళకైతే ఇంతటితో సరి. కార్టూన్‌కి మాత్రం సరిపోదు, ఎందుకంటే ఒక ప్రతి మాయమవుతూ ఇంకోటి తేలుతున్నప్పుడు గీతలు బూడిదరంగులోకి పాలిపోతాయి, చేత్తో గీసిన గీత అలా పాలిపోదు, ఉంటే ఉంటుంది లేకపోతే లేదు. కాబట్టి ముందే తెల్లగీతలు చేసుకోకుండా, మెత్తటి మచ్చలున్న బొమ్మలనే రెండు ప్రతులుగా కలిపి, కలిపాక ఒక హద్దు పెట్టి కోస్తాం: హద్దు పైనున్నదంతా తెలుపు, కిందిదంతా నీలం. అప్పుడు గీత పాలిపోవడం పోయి, సన్నబడి తెగి ఇంకోచోట పుడుతుంది. దానికి తోడు సెకనుకి 24 ఫ్రేములున్నా నీటిని 12 సార్లే మారిస్తే, అంటే ఒక్కో గీతని రెండేసి ఫ్రేములు ఉంచితే, చేతిపని కళ వచ్చేస్తుంది. (ఒడ్డు వెంబడి తెల్ల అంచు సులువు. నీటి పైభాగానికీ కింద నేలకీ దూరం బాగా తగ్గిన చోట తెలుపు వేయమంటే చాలు. దాన్ని నురగ అనే రాశాను, దానిమీద ఎవరూ గొడవ పడలేదు.)

మరొకరి జవాబు: మాది అంతర్వేది వైపు. ఇక్కడ పోటు మీద ఉన్నప్పుడు వశిష్ఠలో నీరు ఎదురెక్కుతుంది. దానికి మళ్ళీ కొత్తగా రంగులు పూస్తారా?

అక్కర్లేదండీ. బొమ్మని చదివేటప్పుడు ప్రతి విలువనీ 255లోంచి తీసేస్తే దిక్కు తిరగబడుతుంది. బొమ్మ అదే, నడక ఎదురు. మీరు అడిగింది నా వాదనకే బలం, ఎందుకంటే రెండిటికీ ఒకే మాట పెడితే ఈ సంగతి ఒక్క వాక్యంలో చెప్పలేం, రెండు మాటలుంటే 'పోటులో ఒరవడి మారదు, ఉరవడి మారుతుంది' అని ఊరుకోవచ్చు. గట్టిగా చదివేటప్పుడు తికమక అన్నవారి మాటా తీసిపారేసేది కాదు కాబట్టి, మొదటిసారి వచ్చినచోట 'ఒరవడి బొమ్మ' అని రాస్తాను. పెద్దాయనకి కూడా ఇదే పంపిస్తున్నా.